పాటలో పెట్టిన మాట

మొన్న మా కాలనీ మహిళా మండలిలో ఒక డాక్టరమ్మ ఉపన్యాసమిచ్చింది. నలుగురూ కలిసి పాడితే ఊపిరితిత్తులు బాగుపడతాయట, రక్తపోటు దిగుతుందట, గుండెల్లో బరువు తీరుతుందట, ఇరుగుపొరుగుల మధ్య ప్రేమ పెరుగుతుందట. ముందు వరుసలో వాళ్లంతా తలలూపారు. నేను లేచి నిలబడ్డాను. నేను లేచానంటే మా కాలనీవాళ్లకు ఇంట్లో పాలు పొంగుతున్న సంగతి గుర్తొస్తుంది, ఆ విషయం నాకు తెలుసు. అయినా అడిగాను. "బరువు తీరడం ఎప్పుడూ మంచిదేనా అండీ?" అని. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. నవ్వి, ఇంకెవరికైనా సందేహాలున్నాయా అంది. పక్కావిడ నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది.

అర్థం కాకపోవడం ఆమె తప్పు కాదు. ఆ ప్రశ్న వెనక ఒక చలికాలం ఉంది. నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు.

అప్పట్లో మేము నిజామాబాద్ గంజ్ మార్కెట్ వెనక సందులో ఉండేవాళ్లం. గంజ్‌లో పసుపు దిగే రోజుల్లో మా సందులో ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి పెండ్లిబట్టలయ్యేవి. మేము నాన్నను బాపు అనేవాళ్లం, అమ్మను అవ్వ. బాపుకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పని. చెరకు ఆడే కాలమంతా అక్కడే ఉండి, వారానికొకసారి రైలుకు వచ్చేవాడు. ఆయన చొక్కాకు చెరకు మడ్డి వాసన. పులిసిన, తీయటి, తల తిప్పే వాసన. భుజం మీద మాత్రం రెండు చెరకు గడలు తప్పనిసరి. ఇక అవ్వ చేతులకు ఎప్పుడూ పొగాకు వాసనే. ఎన్నిసార్లు బూడిద పెట్టి కడిగినా ఆమె కలిపి పెట్టిన ముద్దలో ఒక చేదు ఉండేది. పచ్చిపులుసు రుచే అంత అనుకుంటూ పెరిగాను. పెద్దయ్యాక హాస్టల్‌లో తింటే అది లేదు. తిండి చప్పగా అనిపించింది.

మా సందులో ఆడవాళ్లంతా బీడీలు చేసేవాళ్లు. వర్ని పెద్దమ్మ ఇంటి ముందు పొడుగాటి వసారా ఉండేది. పొద్దున వంట కాగానే పది పన్నెండు మంది చాటలు పట్టుకుని అక్కడ చేరేవాళ్లు. తడిపిన తునికాకు గోనెసంచిలో, పొగాకు ఒళ్లోని చాటలో. ఆకు కత్తిరించడం, చిటికెడు పొగాకు పోసి చుట్టడం, దారం కట్టడం పెద్దల పని. కొసలు మడవడం బడి నుంచి వచ్చిన మా ఆడపిల్లల పని. అక్కడ ఎవరి పేరుతోనూ ఎవరికీ పని లేదు. పుట్టిన ఊరే పేరు. మా అవ్వ ఏర్గట్లామె. వసారా యజమానురాలు వర్ని ఆమె, మాకు పెద్దమ్మ. బాపుకు వరుసకు చెల్లెలయ్యే మెండోర ఆమె నాకు అత్త.

మెండోరత్త సన్నగా, పొడుగ్గా, కొంచెం వంగి ఉండేది. మామ గంజ్‌లో హమాలీ. పిల్లలు లేరు. ఆమె నోరు విప్పితే మాత్రం వసారా చివరన కూర్చున్న చెవిటి ముసలామె కూడా తలెత్తేది. పాట ఎత్తేది ఆమె, అందుకునేది మిగతా అందరూ. ప్రతి చరణానికీ అందుకునే మాట ఒకటే: "అవునే చెల్లె."

కలిసి పాడటం గొప్పదని నేను ఒప్పుకోననుకోకండి. నాకంటే ఎక్కువ ఒప్పుకునేవాళ్లు ఆ మండలిలో ఒక్కరు కూడా లేరు. పాట ఎత్తితే పన్నెండు జతల చేతులు ఒకే మనిషివైపోయేవి. నల్లా దగ్గర బిందెలతో కొట్టుకున్న ఇద్దరిని వర్ని పెద్దమ్మ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "నువ్వెత్తు, నువ్వందుకో" అనేది. పొద్దుమూకే సరికి వాళ్ల మూతులు సక్కబడేవి. అత్తగారు అన్న మాట, మొగుడు విసిరిన పళ్లెం, అన్నీ నవ్వులో కలిసిపోయేవి.

మాకు ఆకూ పొగాకూ ఇచ్చేది బీడీల సేటు. చేసిన బీడీలు సరిచూడ్డానికి సేటు మనిషి సైకిల్ మీద వచ్చేవాడు. కట్టలోంచి ఒక బీడీ లాగి, వెలిగించి, పొగ వదిలి, ముఖం చిట్లించడం ఆయన ఉద్యోగం. ఆయన సందు తిరగ్గానే మెండోరత్త ఎత్తుకునేది:

"సైకిలెక్కి వచ్చెనమ్మ సన్న మీసపాయన..."

"అవునే చెల్లె."

"మీసమంత సన్న బీడి కట్టమంటడమ్మ..."

"అవునే చెల్లె!"

ఆయన వినీ విననట్టు మీసం దువ్వుకునేవాడు. ఒకసారి నేను ఎండిన వేపాకు నలిపి ఒక బీడీలో కూరి, కట్టలో పైకి కనబడేట్టు పెట్టాను. సరిగ్గా దాన్నే లాగాడు. కళ్లలోంచి ముక్కులోంచి నీళ్లు కారాయి. అవ్వ నా చెవి మెలిపెడుతుంటే మెండోరత్త అడ్డం వచ్చింది.

"ఇడువు వదినా, పొల్లకు ఇంక చెయ్యి కుదరలే."

"చెయ్యి కుదరలేదా, బుద్ధి కుదరలేదా?"

"బుద్ధి నీ దిక్కెళ్లి వచ్చింది, గదెక్కడ కుదురుతది!"

వసారా అంతా గొల్లుమంది. అవ్వ కూడా నవ్వింది, చెవి మాత్రం వదల్లేదు.

ఆ వసారాకు ఒక కట్టుబాటు ఉండేది. దాన్ని 'పాటలో పెట్టుడు' అనేవాళ్లు. మాటల్లో చెప్పుకోలేని కష్టం ఏదైనా ఉంటే దాన్ని చరణాలు కట్టి పాడుకోవచ్చు. ఎవరైనా సరే, ఏదైనా సరే. వినేవాళ్లు నవ్వకూడదు, అడ్డం రాకూడదు, "అవునే చెల్లె" అని అందుకోవాలి. అందుకున్నారంటే ఆ మాట అందరిదీ అయినట్టు. కానీ పాట అయిపోయాక దాని గురించి ఒక్క మాట ఎత్తకూడదు. పాడినామెతో ఎత్తకూడదు, ఇంకొకరితో ఎత్తకూడదు. ఒకసారి ఒకామె 'పిల్లి పడుకున్న పొయ్యి' గురించి పాడింది. అందుకున్నాం. మర్నాడు పొద్దున ఆమె గడప పక్కన జొన్నపిండి, రెండు ఉల్లిగడ్డలు, ఇంత బెల్లం ఉన్నాయి. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. తలెత్తుకుని వచ్చి చాట ముందేసుకుని కూర్చుంది.

ఎంత మర్యాద అది! బీదవాళ్ల ఇళ్లలో తలుపు వేసుకుని ఏడవడానికి గది ఎక్కడుంటుంది? ఆ పాటే వాళ్ల గది. ఆ మర్యాద మీద ఈనాటికీ నాకు గౌరవం పోలేదు. అందుకే ఇది చెప్పడం కష్టంగా ఉంది.

ఆ చలికాలం మెండోరత్తకు దగ్గు పట్టుకుంది. వసారాలో దగ్గనిది ఎవరు? పొగాకు దుమ్ములో పుట్టి పెరిగినవాళ్లం. కానీ ఆమె దగ్గు మారింది. ఖాళీ బిందె బావి గోడకు తగిలినట్టు లోపలెక్కడో మోగేది. ఒక మధ్యాహ్నం, అన్నాలు తిని మళ్లీ పనిలో కూర్చున్నాక, ఆమె కొత్త పాట ఎత్తింది. నెమ్మదిగా, నేల చూపులు చూస్తూ.

"కొంగు మీద పూసెనమ్మ మోదుగుపువ్వు..."

"అవునే చెల్లె."

"తెంపలేదు తేలేదు తానే రాలె..."

"అవునే చెల్లె."

"దగ్గినప్పుడల్ల ఒక్కటి, దాచిన కొంగుల ఒక్కటి..."

ఇక్కడ కత్తెరలు ఆగాయి. ఏం చెబుతోందో అందరికీ తెలిసింది. పదేళ్ల దాన్ని, నాకూ తెలిసింది. ఒక్క నిమిషం ఎవరూ అందుకోలేదు. తర్వాత వర్ని పెద్దమ్మ, చుట్టే బీడీ వైపే చూస్తూ, "అవునే చెల్లె" అంది. వెనకే అందరం అన్నాం. అందరికంటే గట్టిగా నేనే అన్నానేమో. చరణం అంత బాగుంది మరి.

పాట అయిపోయింది. కళ్లు తుడుచుకున్నారు. కాసేపటికి ఎవరో సరసపు పాట ఎత్తారు, నవ్వారు. అందరికంటే ఎక్కువ మెండోరత్తే నవ్వింది. ఇంటికి వెళ్తుంటే అవ్వ నడక తేలిగ్గా ఉంది. మీరు నమ్మాలి: ఆ సాయంత్రం మేమంతా సంతోషంగా ఉన్నాం. గండం గడిచినట్టు, ఏదో పెద్ద పని చేసేసినట్టు.

మరి సాయం చెయ్యలేదా అంటే, చేశారు. మర్నాటి నుంచి ఆమె గడప మీద రోజూ ఒక కోడిగుడ్డు, చెంబెడు మేకపాలు. చుట్టలేక ఆమె చేతులాగితే, పక్కనున్నామె తన చాటలోంచి నాలుగు కట్టలు ఆమె చాటలోకి జరిపేది. గాలి తగిలే చోటు ఆమెకు వదిలారు. కానీ నీళ్ల చెంబు వేరు చెయ్యలేదు. వేరు చేస్తే నోటితో చెప్పినట్టే కదా! అందరం అదే చెంబుతో తాగాం. మరుసటి ఏడు మరో ఇద్దరికి అదే దగ్గు వచ్చింది. వాళ్ల సంగతి ఏ పాటలోనూ లేదు.

అప్పుడే పక్క సందు సంగతి తెలిసింది. అక్కడ ఒకామెకు క్షయ అని తెలిసి, ఆ వాకిలి మొత్తానికి ఆకు ఇవ్వడం మానేశారట. అప్పటి నుంచి సైకిల్ గంట వినబడితే పాట గట్టిగా ఎత్తడం మొదలైంది. దగ్గు పాట చాటున పడిపోవాలి. కానీ పాట ఎత్తేదే దగ్గే మనిషైతే ఎట్లా? ఒకరోజు చరణం మధ్యలో ఆమెకు ఊపిరి చాల్లేదు. వర్ని పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"పొల్లా, నీ గొంతు అచ్చం గామె గొంతే. నువ్వెత్తు."

"నేనా పెద్దమ్మా?"

"నువ్వే. ఎత్తు, వస్తున్నడు!"

ఎత్తాను. పన్నెండు మంది పెద్దవాళ్లు నా వెనక అందుకున్నారు. సేటు మనిషి ఏమీ పసిగట్టలేదు. ఆయన వెళ్లాక మెండోరత్త నా తల మీద చెయ్యి పెట్టి, "నాకంటె మంచిగెత్తినవు బిడ్డా" అంది. నా జీవితంలో నాకు తర్వాత దొరికిన ఏ బహుమతీ దానికి సరితూగదు. అందుకే సిగ్గుగా ఉంది.

బడికి వెళ్లే దారిలో సర్కారు దవాఖానా ఉండేది. దాని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది: దగ్గు తగ్గకపోయినా, నెత్తురు పడినా వెంటనే రావాలి, సూదులకూ మందులకూ పైసా ఇవ్వక్కర్లేదు. వసారాలో చదువొచ్చింది నాకొక్కదానికే. ఇంటికొచ్చి, రొట్టెలు కొడుతున్న అవ్వతో అన్నాను.

"అవ్వా, మెండోరత్తది టీబీనే. దవాఖాన గోడ మీద రాసిండ్రు. సూదులు ఉత్తగనే ఇస్తరట."

"ఎవలు జెప్పిండ్రే నీకు, ఆమెకు గట్ల ఉన్నదని?"

"ఎవలు జెప్పాలె? ఆమెనే పాడింది గదా!"

పిండి చేత్తోనే చెంప మీద కొట్టింది. పొయ్యిలో మంట చిటపటమంది.

"పాటల ఇన్నది పాటలనే ఇడువాలె. నోరు జారితివో, గా మనిషి సిగ్గంత సందుల పడ్తది. ఆకు బందయితది. అందరి కడుపులు మాడుతయి."

"మరి సచ్చిపోతే?"

"ఎందుకు సస్తది? అందరం సూస్కుంటున్నం గదా."

ఆ మాటను అవ్వ నమ్మింది. వాళ్లంతా నమ్మారు. గుడ్డు పెడుతున్నాం, పాలు పెడుతున్నాం, పని పంచుకుంటున్నాం, కలిసి పాడుతున్నాం, ఇంకేం కావాలి? ఒక్క మాట కావాలి. నలుగురికీ తెలిసిన మాటను ఒక్కరు, రాగం లేకుండా, మామతోనో బాపుతోనో చెప్పడం కావాలి. ఆ మామ చెడ్డవాడు కాదు. వినేవాడు. చెప్పినవాళ్లు లేరు.

దెబ్బకు భయపడి నేను నోరు మూసుకున్నానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. నా స్నేహితురాళ్లకు ఇన్నేళ్లూ అట్లాగే చెప్పుకున్నాను. నిజం అది కాదు. నేను దెబ్బలకు లొంగే పిల్లను కాను. ఆమె దవాఖానాకు పోయి బాగుపడి వస్తే పాట మళ్లీ ఆమెదవుతుంది. ఆమె ఇట్లాగే దగ్గుతూ కూర్చుంటే పాట నాది. ఇంత స్పష్టంగా అనుకోలేదు. తొందర మాత్రం పడలేదు. రోజూ ఆ గోడ ముందు నుంచే బడికి పోయాను. అక్షరాలు చదవకుండా పోవడం నేర్చుకున్నాను.

చలి పోయింది. కాముని పున్నం దగ్గరికొచ్చింది. పిల్లలు కోలలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఆ రోజు సేటు మనిషి వసారాలోనే నిలబడి కట్టలు చూస్తున్నాడు. నేను పాట ఎత్తుతున్నాను. మెండోరత్త ముందుకు వంగింది. లేచేసరికి చాటలో పొగాకు తడిసి నల్లగా ఉంది. ఆమె కొంగు తీసి చాట మీద కప్పింది. నా గొంతు ఆగబోయింది. వర్ని పెద్దమ్మ కళ్లతోనే చెప్పింది: ఆపకు. నేను ఆపలేదు. తర్వాతి చరణం ఎత్తాను. అందరూ అందుకున్నారు. ఆమె పెదవులు కూడా కదిలాయి. ఆయన మీసం దువ్వుకుంటూ సైకిలెక్కి పోయాడు.

ఆ సాయంత్రం బాపు రైలు దిగి వచ్చాడు. చెరకు గడలు గోడకు ఆనించి, కాళ్లు కడుక్కుంటున్నాడు. అవ్వ నల్లా దగ్గరికి పోయింది. నేను చెప్పేశాను.

"ఎప్పటిసంది?" అన్నాడు.

"చలి మొదలైనప్పటిసంది."

"గప్పటిసందా! మరి మీరంత ఏం చేస్తున్నరే?"

"పాడుతున్నం బాపూ" అన్నాను.

చెంబు చేతిలో పట్టుకుని ఆయన నన్ను చూసిన చూపు చెప్పలేను. తడి కాళ్లతోనే మెండోరత్త ఇంటికి పోయాడు. మర్నాడు పొద్దున్నే బాపూ, మామా ఆమెను రిక్షాలో ఎక్కించారు. సందు మొత్తం గడపల్లో నిలబడి చూసింది. రిక్షా మలుపు తిరిగాక ఎవరో అన్నారు: "ఎవలు జెప్పిండ్రట?" అవ్వ నా వైపు చూడకుండా లోపలికి పోయింది.

ఇంత ఆలస్యంగానా తెచ్చేది అని దవాఖానాలో డాక్టర్ బాపును కోప్పడ్డాడట. మా వసారాకు ఆకు ఆగిపోయింది. పన్నెండో రోజున మెండోరత్త పోయింది. వార్డు లోపలికి ఎవరినీ పోనివ్వలేదు కాబట్టి, ఆఖరి రోజుల్లో ఆమె ఏమన్నా పాడుకుందో లేదో మాకెవరికీ తెలియదు.

శవాన్ని ఇంటికి తెచ్చాక ఆడవాళ్లు చుట్టూ కూర్చుని శోకం అందుకున్నారు. ఆమె చేసిన మేళ్లు, ఆమె వేళాకోళాలు, ఒక్కొక్కరూ ఒక్కో చరణం. నా వంతు వచ్చిందనుకుని నోరు తెరిచాను. వర్ని పెద్దమ్మ చెయ్యెత్తింది.

"నువ్వొద్దు."

"పెద్దమ్మా, నేను..."

"మాట నిలువని నోటికి పాటెందుకే?"

కొన్నాళ్లకు ఆకు మళ్లీ వచ్చింది. వసారాలో మళ్లీ పాట మొదలైంది. నేను సందు మలుపు తిరిగేసరికి ఆగిపోయేది. కొసలు మడిచేదాన్ని, ఎవరూ తిట్టలేదు, పొమ్మనలేదు. చెంబుతో నీళ్లిచ్చేవాళ్లు. నా ముందు మాత్రం ఎవరూ పాట ఎత్తలేదు. పైచదువుకు ఊరు వదిలిపోయే దాకా, ఒక్కరోజు కూడా.

నేను చెప్పినందుకే ఆమె పోయిందని వాళ్లన్నారు. మూడు నెలలు ఆలస్యంగా చెప్పినందుకు పోయిందని నేనంటాను. ఈ వాదం ఇంతవరకు ఎవరితోనూ చెయ్యలేదు. ప్రతి చిన్నదానికీ ఎగబడి వాదించే నేను, దీన్ని మాత్రం ఎవరి ముందూ పెట్టలేకపోయాను. వాళ్లకు అది మాటల్లో అనదగ్గ విషయం కాదు. నాకు పాట లేదు.

బాపు పోయాక అవ్వ నా దగ్గరికి వచ్చేసింది. ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద ఉన్నాం. పప్పులో ఉప్పు గురించి, నా జీతం గురించి, మా ఆయన నిద్ర గురించి రోజూ పోట్లాడుకున్నాం. ఈ సంగతి ఎత్తలేదు. ఆమె చనిపోయే ముందటి వేసవిలో, ఒక పగటిపూట, వంటింటి గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను పేపర్లు దిద్దుతున్నాను. ఉన్నట్టుండి సన్నగా ఎత్తుకుంది. అప్పటికి ఆమె గొంతు పీలగా అయిపోయింది.

"సత్తెం జెప్పిన బిడ్డ నోరు మూసినానమ్మ..."

ఆగింది. తలెత్తలేదు. వేళ్లు బియ్యంలో ఆగిపోయాయి. నా ఎర్రపెన్ను కూడా ఆగింది.

నేను అందుకోవాలి. రెండే రెండు మాటలు. అందుకుంటే తీరిపోతుంది, ఆమె బరువు దిగిపోతుంది, ఇక ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఎన్నడూ రాదు. అట్లా తీరిపోకూడదు అనుకున్నాను. ఈసారైనా రాగం లేకుండా చెప్పాలి అనుకున్నాను.

"మాటల్ల చెప్పవ్వా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. ఏదో భాష తెలియని మనిషిని చూసినట్టు చూసింది. నేను కూడా చూపు తిప్పుకోలేదు. నేనే గెలవాలి కదా, ఎప్పుడూ. వీధిలో ఎవరో కూరగాయలని అరుచుకుంటూ పోయారు. అవ్వ మళ్లీ బియ్యం వైపు వంగి, చాట ఒకసారి చెరిగి, నాకు వినబడీ వినబడనట్టు తనకు తానే అందుకుంది.

"అవునే చెల్లె."

ఎత్తిన మనిషే అందుకోవడం మా వసారాలో ఏనాడూ లేదు.